గౌటు ఉన్నవాడే పెద్దమనిషి

పొద్దున్నే లేవగానే మీ కాలి బొటనవేలు ఒకసారి చూసుకోండి. ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేలా ఉందా? అభినందనలు! మీరు నలుగురిలో పైకొచ్చారు. మామూలు వేలులాగే ఉందా? అయితే మీ గురించి నాకు దిగులుగా ఉంది.

డాక్టర్లు దీన్ని గౌటు అంటారు, జబ్బు అంటారు. చదువు ఎక్కువై అలా అంటారు. నేను చిన్నప్పుడే బడి మానేసి రేవులో బస్తాలు మోసినవాణ్ణి. అది జబ్బు కాదు, హోదా అని నాకు బాగా తెలుసు.

మా సవాయి దీవిలో ఏ ఊరికైనా రండి. రాళ్ళ పొయ్యి దగ్గర చేతులు కాల్చుకునే కుర్రాళ్ళకి, కొబ్బరిచెట్లెక్కే కుర్రాళ్ళకి గౌటు ఉందా? ఎందుకుంటుంది? పంది కోసినప్పుడు వాళ్ళకి దక్కేది తలకాయ. బిరుదున్న పెద్దల్ని మాతాయిలంటాం; వీపు ముక్క ఊరి పెద్ద మాతాయిది. భుజం ముక్క మాలాంటి వక్త మాతాయిలది. ఇంటి బిరుదు మోస్తూ ఊరి తరఫున సభలో మాట్లాడేది మేమే కదా! ఎవరిది ఏ ముక్కో తాతల నాడే తేలిపోయింది.

మనిషి పోతే పంది. పెళ్ళయితే పంది. గుడికి కొత్త రేకులు వేస్తే పంది. పైన డబ్బా గొడ్డుమాంసం, బీరు, తియ్యటి సోడా. ఇంత మర్యాద నోట్లోంచి దిగి దిగి చివరికి ఎక్కడికి చేరాలి? పాదాల దగ్గరికే చేరుతుంది!

లాభాలు చూడండి. గుడికి నడవక్కర్లేదు, పాస్టరుగారి కారు వస్తుంది. క్రికెట్ ఆడితే మన బదులు ఇంకొకడు పరుగెడతాడు. గడ్డి కొయ్యమని భార్య అనదు. అంటుందనుకోండి, మనం లేవలేం.

అసలు లాభం సభలో. సభలో అందరం తాగే కావా కషాయం గిన్నె చుట్టూ అందరూ నేలమీద కాళ్ళు మడిచి కూర్చోవాలి. ఎదుటివాడి వైపు కాలు చాపితే తిట్టినట్టే లెక్క. అదే కాలు మీద చాప కప్పితే అది కాలు కాదు. ఈ మధ్య మా ముందువరసలో మనుషులకన్నా చాపలే ఎక్కువ కనిపిస్తున్నాయి. ఎవరైనా శుభ్రంగా కాళ్ళు మడిచి కూర్చుంటే జాలేస్తుంది. పాపం, ఈయనకి ముక్కలు సరిగ్గా అందుతున్నట్టు లేదు!

ఇంత సుఖంలో నర్సు మారెటా వచ్చి పడింది. పక్క ఊరి పిల్లే. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగితే కీళ్ళలో సూదుల్లా గడ్డకడుతుందట. దాన్ని ఒంట్లో పట్టి ఉంచే గుణం మన దీవుల వాళ్ళకి పుట్టుకతోనే ఎక్కువట. కాబట్టి మనమే మరీ జాగ్రత్తగా తినాలట. బీరు, సోడా మానాలి, పంది తగ్గించాలి, నొప్పి ఉన్నా లేకపోయినా రోజూ మాత్ర వేసుకోవాలి.

"ముక్క వద్దంటే సరిపోతుంది కదా, బాబాయ్," అంది.

సరిపోతుందట! బిరుదు వదిలెయ్యమంటే ఇంకా చిన్న మాటలో అయిపోయేది.

అయినా ఒకసారి ప్రయత్నించాను. పెద్ద ఉపన్యాసం ఇచ్చి మరీ భుజం ముక్క వెనక్కి పంపాను. తర్వాతి సభలో ఆ ముక్క తిన్నగా వెళ్ళి మా పెదనాన్న కొడుకు మలకీ ముందు వాలింది. అతిథులు రాగానే పెద్ద మాతాయి, ఇక మాట్లాడు అన్నట్టు, అతని వైపే చూశాడు. ఇంటికొచ్చి మా ఆవిడ ఫేతూకి చెప్పుకున్నాను.

"నోరు పోయాక ఆ కాలుండి ఏం చేసుకుంటావయ్యా," అంది.

మళ్ళీ పుచ్చుకోవడం మొదలుపెట్టాను. కాకపోతే ఈసారి తెలివి వాడాను. పుచ్చుకోవడం వేరు, తినడం వేరు కదా? ముక్కని ఇంటికి పంపించేసి, నేను చేపా చేమదుంపా తిని మాత్ర వేసుకునేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి వాపు పోయింది, కాలు చక్కగా మడతపడింది. సిగ్గేసి సభలో చాప మాత్రం కప్పుకునే కూర్చుంటున్నాను. పరువనేది ఒకటుంటుంది.

మరి ఆ ముక్కలు ఎవరు తిన్నారంటారా? మా అబ్బాయి పెనీ. ఇరవై రెండేళ్ళవాడు. ఊరి రగ్బీ జట్టులో వాణ్ణి పట్టుకోగలిగినవాడు లేడు. రోజంతా దుంపల తోటలో పని, సాయంత్రం ఆట, ఇంటికొచ్చి నా భుజం ముక్క, దానిమీద పెద్ద సీసాడు సోడా. వాడు తింటుంటే మురిసిపోయేవాణ్ణి. పోయిన నెల ఒక ఉదయం గుమ్మం దాకా పాకుతూ వచ్చాడు.

మారెటా వాడి రక్తం పరీక్ష చూసి, తలెత్తి నన్ను చూసింది.

"నీ వాటా తినడానికి వీణ్ణి పెట్టావా, బాబాయ్?"

తిండి మార్చి, మాత్ర వదలకపోతే మళ్ళీ పరుగెడతాడంది. లేకపోతే కాలితో ఆగదు, కిడ్నీల దాకా పోతుందంది.

ఊరు మాత్రం సంబరపడింది. మలకీ డబ్బా మాంసం పెట్టె భుజాన వేసుకుని వచ్చాడు. పెనీ కాలు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నాతో "వీడికి ఈ వయసుకే పెద్దరికం దిగింది తమ్ముడూ. నీ తర్వాత ఎవరా అని మేం కొట్టుకోవాల్సిన పని లేదు," అన్నాడు. పెద్దలు తలూపారు. ఒక బిరుదు ఇద్దరు మొయ్యడం మాకు మామూలే కాబట్టి, ఇప్పుడే వాడికీ ఇచ్చేద్దామన్నారు. అంటే వాడికి సొంత భుజం ముక్క!

"బిరుదు సంగతి తర్వాత, నాన్నా. ముందు ఆ ముక్క నాకొద్దని చెప్పు. మాట్లాడేది నువ్వే కదా," అన్నాడు పెనీ.

నిజమే. ఊరి తరఫున ఎందరికో స్వాగతం పలికాను. తగాదాలు తీర్చాను. పడవ మునిగిన ఇంటికి వెళ్ళి ఓదార్చాను. నా కొడుక్కి ఈ ముక్క పెట్టకండి అని మర్యాదగా చెప్పే మాట మాత్రం సభలో దొరకలేదు. అందుకే పత్రికలో రాస్తున్నాను.

శనివారం బిరుదిస్తున్నారు. పందులు సిద్ధంగా ఉన్నాయట. అందరూ రండి, ఆశీర్వదించండి. వడ్డించేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఆ పళ్ళెం మాత్రం మా వాడి ముందు పెట్టకుండా పక్కకి జరిపెయ్యండి. దయచేసి వాణ్ణి ఎవరూ గౌరవించకండి. వాడింకా పరుగెత్తాలి.