మాణిక్యమ్మ కళ్ళు తెరిచిన ఫోటో

అరవై ఏడేళ్ళు వచ్చాయి, కళ్ళు తెరిచి ఉన్న ఫోటో మాణిక్యమ్మకు ఒక్కటీ లేదు. తప్పు ఆవిడది కాదు. నేత గుర్తింపు కార్డు కోసం ఫోటో తీసిన మహానుభావుడెవరో మిట్టమధ్యాహ్నం ఎండకు ఎదురుగా కూర్చోబెట్టాడు. అందులో ఆవిడ ఒక కన్ను మూసి, మూతి వంకరపెట్టి, పచ్చి చింతకాయ కొరికినట్టు ఉంటుంది. పెళ్ళిళ్ళ గ్రూపు ఫోటోల్లోనూ అదే వరస.

ఇప్పుడు నేత సొసైటీ వాళ్ళు ఆవిడకు సన్మానం చేస్తామన్నారు. హాల్లో గోడ మీద నిలువెత్తు ఫోటో పెడతామన్నారు. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు కొత్త ఫోటో పంపకపోతే కార్డులో ఉన్నదాన్నే పెద్దది చేయిస్తామనీ అన్నారు. ఆ చింతకాయ ముఖాన్ని నిలువెత్తున గోడకెక్కిస్తారట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆవిడకు అన్నం సయించలేదు.

అందుకే శుక్రవారం పొద్దున్నే మనవరాలు ప్రత్యూష కంకిపాడు వచ్చింది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక స్టూడియోలో ఫోటోలు తీస్తుంది, పని తెలిసిన పిల్ల. ఏడింటికి ఎండ మెత్తగా ఉంటుంది, అరగంటలో ముగిద్దామంది. మాణిక్యమ్మ తను నేసుకున్న వంకాయరంగు చీర కట్టుకుని ఆరున్నరకే సిద్ధం.

అడ్డుపడింది మొగుడు ఏడుకొండలు, పంచాంగంతో సహా.

"ఇప్పుడు వర్జ్యం. అది పోయేసరికి రాహుకాలం వస్తుంది. పన్నెండింటికి అభిజిత్ లగ్నం, తిరుగులేదు."

"తాతయ్యా, మే నెల్లో పన్నెండింటికి ఫోటో ఏంటి? కళ్ళ కింద గుంటలు పడతాయి. ముక్కు నీడ మీసంలా వస్తుంది."

"లగ్నం మంచిదైతే మీసం రాదు."

పెళ్ళికి చూడొచ్చు లగ్నం, గృహప్రవేశానికి చూడొచ్చు. ఫోటోకి లగ్నమేమిటో అడిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఐదు గంటలపాటు మాణిక్యమ్మ చీర నలగకుండా నిలబడే ఉంది.

పన్నెండింటికి వాకిట్లో ఎండ నిప్పులు చెరుగుతోంది. వాకిట్లో ఉన్న ఒక్క వేపచెట్టునీ రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. మగ్గం గదిలో తీద్దామంటే చీకటి. ప్రత్యూష ఆలోచించి తెల్ల పంచె ఒకటి తెమ్మంది. తలపైన దాన్ని పరిచి పట్టుకుంటే ఎండ మెత్తబడుతుందంది. ఏడుకొండలు ఒక మూల, పక్క మగ్గాలవాళ్ళు ముగ్గురు మిగతా మూలలు పట్టుకున్నారు. కింద పడక్కుర్చీలో మాణిక్యమ్మ.

"అమ్మమ్మా, కళ్ళు మూసుకుని ఉండు. నేను మూడు అన్నప్పుడు తెరువు. అప్పుడు కళ్ళు చిట్లించవు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. గాలికి పంచె ఎగిరింది. ఎండ ముఖం మీద పడింది. మూడు అనేసరికి మళ్ళీ చింతకాయే. ఇలా నలభైసార్లు.

సరిగ్గా అప్పుడే పై వీధి కనకలక్ష్మి ఆటోలో విజయవాడ వెళుతూ చూసింది. కళ్ళు మూసుకుని కదలకుండా మాణిక్యమ్మ, పైన తెల్లగుడ్డ, నలుగురు మగాళ్ళు, చెమట పట్టి భుజానికి కళ్ళు తుడుచుకుంటున్న ఏడుకొండలు. దిగి ఒక్క మాట అడిగితే ఆవిడ సొమ్మేం పోయింది? అడగలేదు. భవానీపురంలో ఉన్న మాణిక్యమ్మ చెల్లెలి కొడుకు సాయిగణేష్‌కి ఫోన్ చేసింది.

"బాబూ, మీ పెద్దమ్మ పోయింది. వడదెబ్బ."

సాయిగణేష్ పెదనాన్నకు పదకొండుసార్లు ఫోన్ చేశాడు. రెండు చేతులూ పంచెకి అంకితమైన మనిషి ఫోన్ ఎలా ఎత్తుతాడు? ఎత్తకపోయేసరికి నిజమేనని తేలిపోయింది. సాయిగణేష్‌ది ఫ్లెక్సీల షాపు. దుఃఖం వస్తే అతని చేతులు వాటంతటవే మిషన్ మీదికి పోతాయి.

మూడున్నరకు, పంచె కింద ఇంకో ముప్పై చింతకాయలు తయారయ్యాక, వాకిట్లో వ్యాను ఆగింది. ముందు పూలదండ దిగింది, వెనక ఎనిమిదడుగుల ఫ్లెక్సీ దిగింది, ఆ వెనక ఏడుస్తూ సాయిగణేష్ దిగాడు. కుర్చీలోంచి పెద్దమ్మ తలెత్తి చూసేసరికి అతని ఏడుపు ఆగిపోయింది. కనకలక్ష్మి ఆటోలోంచి చూసి ఫోన్ చేసిన సంగతి నీళ్ళు నములుతూ చెప్పాడు.

మాణిక్యమ్మ ఫ్లెక్సీ చదివింది. కన్నీటి శ్రద్ధాంజలి. దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కింద ఉన్న ఫోటో చూసింది.

"ఏరా, ఈ ఫోటో ఎందుకేశావు?"

"అర్జెంటుగా అదే దొరికింది పెద్దమ్మా. కార్డు పనికని నువ్వే పంపావుగా."

"బతికుంటే అదే, చస్తే అదే. నా ముఖం ఇంకోలా ఉంటుందని ఒక్కడికీ అనిపించదా? ఈయన లగ్నం చూస్తాడు, ఆ కనకలక్ష్మి దార్లోంచి చూసి చంపేస్తుంది, నువ్వు వచ్చి ఊరందరికీ చూపిస్తావు. తిప్పు దాన్ని. నా కళ్ళ ముందు ఉంచకు."

సాయిగణేష్ గబుక్కున ఫ్లెక్సీని తిప్పాడు. దాని వెనకవైపు తెల్లగా ఉంది. పడమటి ఎండ దాని మీద పడి, పంచె నీడలో ఉన్న ఆవిడ ముఖమ్మీదికి మెత్తగా తిరిగొచ్చింది. గుంటల్లేవు, మీసం లేదు. కోపానికి కళ్ళు ఇంతింత తెరుచుకున్నాయి.

"మామయ్యా, కదలకు," అంది ప్రత్యూష. ఒక్కటే తీసింది.

అయిదుకి పది నిమిషాల ముందు ఫోటో వెళ్ళింది. సొసైటీ కార్యదర్శి ఫోన్ చేసి, అమ్మగారి ముఖంలో ఏం వెలుగండీ అన్నాడు. అభిజిత్ లగ్నం మరి, అన్నాడు ఏడుకొండలు. మాణిక్యమ్మ అదే ఫోటోని సాయిగణేష్‌కి కూడా పంపించి, కింద మెసేజ్ పెట్టింది: "ఫ్లెక్సీలో మేటరు బాగానే ఉంది, దాచిపెట్టు. ఫోటో మాత్రం మార్చి ఇది పెట్టు."