వీర మేకు మీద అమృతవల్లి

ఇంట్లో టీవీ లేకపోయినా ఫరవాలేదు, బొమ్మలు వేసే కూతురు మాత్రం ఉండి తీరాలి! నవ్వకండి. తమిళనాడు రాజపాళయంలో తెలుగాయన వేంకటాద్రిగారికి పట్టిన గతి పూర్తిగా తెలిశాకే ఈ మాట అంటున్నాం.

వేంకటాద్రి మర్యాదస్తుడు. కొండ కింద మామిడి తోపు, ఇంటి ముందు వీర అనే తెల్లటి వేటకుక్క. ఆయన కూతురు అనుప్రియ మదురైలో ఆర్ట్ చదువుకుని వచ్చి ఆడవాళ్ల బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. ఎలాంటి ఆడవాళ్లు? క్యాలెండర్ మీది లక్ష్మీదేవులా? అబ్బే! సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గం దగ్గర నిలబడి నిలబడి కాళ్లు వాచిన పుష్పం. తళవాయిపురం బస్సులో ఒక పెద్దమనిషి మోచేతికి సేఫ్టీపిన్నుతో బుద్ధి చెప్పిన మోనిష. ఒక్కరూ నవ్వరు! ఎదురుగా నిలబడితే "ఏం కావాల?" అని వాళ్లే మనల్ని నిలదీస్తున్నట్టుంటుంది. దీన్ని ఫెమినిస్ట్ పోర్ట్రెయిట్ అంటారట.

వేంకటాద్రికి అభ్యంతరం ఏముంటుంది? పక్కింటిదాకా వచ్చి ఆగిపోయే విప్లవం ఎవరికైనా ముద్దే కదా!

అది ఆగలేదు. అనుప్రియ తల్లి బొమ్మ వేసింది. అందులో అమృతవల్లి భర్తగారి ఈజీచెయిర్లో వెనక్కి వాలి, కాళ్లు బారజాపుకుని, నవ్వకుండా సూటిగా చూస్తోంది. కింద ఒక్క పేరే ఉంది.

"ఇనీషియల్ ఎక్కడమ్మా?" అన్నాడు వేంకటాద్రి.

"ఎవరి ఇనీషియల్ అప్పా?"

"నాది తానే!" అరవదేశపు తెలుగులో 'తానే' అంటే 'కదా' అని.

"బొమ్మలో ఉండేది అమ్మ తానే?"

ఇదేం జవాబండీ? ఇనీషియల్ లేని ఆడమనిషి ఫలానావారి మనిషని ఎలా తెలుస్తుంది? రేషన్ కార్డులో ఒప్పుకుంటారా?

పైగా ఆ కుర్చీ ఒకటి! కాపురానికి వచ్చినప్పటి నుంచి అమృతవల్లి దాన్ని తుడిచిందే గానీ అందులో కూర్చోలేదు. ఆర్టు తెలియకపోయినా వేంకటాద్రికి నిజం తెలుసు. "జరగనిదాన్ని ఎట్ల గీసినావు?" అని విమర్శకుడి స్థాయిలో మండిపడ్డాడు.

అప్పుడు అమృతవల్లి నోరు విప్పింది. "దీన్ని హాల్లో తగిలించండి. ఇంతవరకు నేను ఏమన్నా అడిగినానా?"

నిజమే, అడగలేదు. కానీ హాల్లో చోటేది? గోడ మీద తాతగారు, తండ్రిగారు, దేవుళ్లు, ఆ పక్కన ప్రైజు కప్పుతో వీర. ఆ గోడకి ఆడవాళ్లంటే గిట్టదనుకోకండి. వేంకటాద్రి తల్లి కూడా అక్కడే ఉంది. కాకపోతే చనిపోయిన పదహారో నాడు, కర్మ అయ్యాక ఎక్కింది. ఆడవాళ్లకి ఆ గోడ ఎక్కే పద్ధతి అది.

"వీర ఫోటో తీసేయండి," అంది అమృతవల్లి.

"వాడు ప్రైజ్ కొట్టినాడు. నువ్వు ఏం కొట్టినావు?"

మర్నాడు సాంబారులో ఉప్పే బదులు చెప్పింది. మూడో పూటకి వీర మేకు దిగాడు.

ఫ్రేము కట్టిన ఆరోక్కియరాజ్ పనిమంతుడు. ఆడమనిషి బొమ్మ చూడగానే ఏమీ అడక్కుండా చందనం రంగు ప్లాస్టిక్ మాల, ఎర్ర బల్బు బిగించి, "పుట్టిన తేదీ, పోయిన తేదీ చెప్పండి సార్, కింద రాసేస్తాను," అన్నాడు. వేంకటాద్రి తేదీలు వద్దన్నాడు గానీ, ఫ్రీగా వచ్చిన మాలా బల్బూ వదలడానికి ఆయనకి మనసొప్పలేదు.

అనుప్రియ చూసి గొడవకి దిగబోతే తల్లే ఆపింది. "పెళ్ళిలో ఒక మాల ఏసినారు. మళ్ళా ఇదే. ఉండనీ."

ఆ మాటకి వేంకటాద్రి మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. కాఫీ రాగానే సర్దుకుంది.

మరుసటి రోజు సేత్తూరు నుంచి పాండురంగన్ వచ్చాడు. ఇరవై ఏళ్లుగా తోపులో కాయ కొనే మనిషి, వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో కాఫీ తాగి పోయే మనిషి. వాకిట్లోంచే ఎర్ర బల్బు చూశాడు. చెప్పులు విప్పి, భుజం మీది తుండు తీసి చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. బొమ్మలో ముఖం చూస్తే ఎవరో తెలియలేదు. కింద పేరు చదివాక కళ్లు నిండాయి.

"అన్నా, ఒక మాట చెప్పి పంపకూడదా? బంగారం మాదిరి మనిషి! ఎట్ల పోయినారు?"

వేంకటాద్రి నోరు తెరిచేలోపు అమృతవల్లి కాఫీ తెచ్చింది. పాండురంగన్ ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ తల ఎత్తకుండా టంబ్లరు అందుకున్నాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

"ఆమె చేతి కాఫీ మాదిరి ఇంకెక్కడా తాగలేదన్నా," అని ఆమె చేతి కాఫీ తాగుతూ ఏడ్చాడు.

"ఏం మాట్లాడుతుండావప్పా! ఇప్పుడు కాఫీ ఇచ్చింది ఆమే తానే!"

పాండురంగన్ జాలిగా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అట్లే ఉంటాదన్నా. కొన్నాళ్లు ఇంట్లో తిరుగుతున్నట్టే ఉంటాది. మా అమ్మ పోయినప్పుడూ నాకు అట్లే ఉండింది." చావింట్లో చెప్పకూడదు కనుక 'పోయొస్తా' అనకుండానే వెళ్లిపోయాడు.

చూశారా బొమ్మలేసే కూతురి వల్ల లాభం? పెళ్లాం బతికుండగానే ఇంత ఓదార్పు ఏ మగవాడికి దొరుకుతుంది?

పాండురంగన్‌ని వీధి మలుపుదాకా పిలిచి పిలిచి, వేంకటాద్రి రొప్పుతూ తిరిగొచ్చేసరికి అమృతవల్లి హాల్లో ఉంది. ఈజీచెయిర్లో వెనక్కి వాలి, కాళ్లు బారజాపుకుని, నవ్వకుండా. అచ్చం పైన మేకుకి ఉన్నట్టే.

"వాడికి నువ్వు ఒక మాట చెప్పి ఉండకూడదా?" అన్నాడాయన.

"సచ్చినదానితో ఏం మాటలు? పదారో దినం అయ్యేదాకా నన్ను పిలవద్దండి. పిండి ఫ్రిజ్జులో ఉండాది. దోసె మీరే పోసుకోండి."

వేంకటాద్రి పెనం వెతుక్కుంటూ వంటింట్లోకి నడిచాడు. పెనం ఎక్కడుంటుందో ఆయనకి తెలియదు. ఆ ఇల్లు ఆయనదే!

గుమ్మం దగ్గర పడుకున్న వీర లేచి వచ్చి, తల ఎత్తి ఆమె ముఖంలోకి చూసి, తోక ఊపి, పాదాల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. పొద్దుటి నుంచీ ఆమె ముఖం చూసి గుర్తుపట్టింది వాడొక్కడే. ప్రైజు ఊరికే ఇవ్వలేదు మరి!