నాలుగో సాంచాకు తీసిన కార్డు

ఆ రోజు పొద్దున గోవర్ధన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ తినడం, చందుర్తి వెళ్లి చుట్టాలను పరామర్శించడం, సాయంత్రం తిరిగొచ్చి మొండయ్యను పనిలోంచి తీసేయడం. సిరిసిల్లలో ఆయనకు ఆరు సాంచాలున్నాయి. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. వారం రోజులుగా నాలుగో సాంచా మీద పది నిమిషాలకోసారి పోగు తెగుతోంది. దాన్ని నడిపేది మొండయ్య కాబట్టి తప్పు మొండయ్యదేనని గోవర్ధన్ తేల్చేశాడు. ఆయన ఒకటి తేల్చాక ఇంట్లో ఎవరూ కాదనరు. కాదంటే అన్నం చల్లారేదాకా వాదిస్తాడు.

కూతురు ప్రణీతకు మాత్రం ఈ తీర్పు మింగుడుపడలేదు. మొండయ్య ఇరవై రెండేళ్లుగా ఆ సాంచాల షెడ్డులోనే ఉన్నాడు. చిన్నప్పుడు ఆమెకు పోగు ముడివేయడం నేర్పింది ఆయనే. అరవై దాటిన మనిషిని ఇప్పుడు ఏ షెడ్డులో పెట్టుకుంటారు? తలుచుకుంటేనే ఆమెకు గుండె బరువెక్కింది. అయితే ఆమె దగ్గర ఒక ఉపాయముంది. ఈమధ్యే హైదరాబాద్‌లో రెండు రోజుల శిక్షణకు వెళ్లి టారో అనే బొమ్మల కార్డులు తెచ్చుకుంది. వాటితో జాతకాలు చెప్పకూడదని, బుర్ర ఒకేచోట గింగిరాలు కొడుతున్నప్పుడు ఏదో ఒక బొమ్మ తీసి అందులోంచి సమస్యను చూస్తే కొత్త దారి తోస్తుందని అక్కడ చెప్పారు. నిజంగానే తోస్తుందా అని ఆమెకు ఒకటే కుతూహలం.

తండ్రి బండి మలుపు తిరగగానే షెడ్డు పక్క గదిలో కూర్చుని ఒక కార్డు తీసింది. పెద్ద చక్రం, చుట్టూ రెక్కల జంతువులు. ఎంతసేపు చూసినా ఆమెకేమీ తోచలేదు. పనివాళ్లను ఒక్కొక్కరినే పిలిచి ఏం కనబడుతోందో అడిగితే, నాలుగో సాంచా సంగతి ఎవరికైనా తట్టవచ్చు అనుకుంది.

తప్పు అక్కడే జరిగింది. ఆ వైపు ఊళ్లలో ఏదైనా పోతే అంజనం వేయిస్తారు. తమలపాకు మీద కాటుక రాసి, అందులోకి చూపించి, ఏం కనబడుతోందని అడుగుతారు. దొంగ ముఖం తేలుతుందని నమ్మకం. కండెలు చుట్టే బుచ్చవ్వ చాయ్ గ్లాసు పట్టుకుని గది ముందునుంచి పోతూ, ఎవరినీ పిలవకముందే ప్రణీత పైకి అనుకుంటున్న ఆ ప్రశ్న ఒక్కటే విన్నది. చాయ్ చల్లారేలోగా షెడ్డంతా కబురు పాకింది. సేటు బిడ్డ అంజనం వేస్తోంది, తమలపాకు కాలం పోయి కార్డుల కాలం వచ్చింది. ఏం పోయిందో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే భయం రెట్టింపైంది.

ముందు సతీశ్ వచ్చాడు. చక్రాన్ని చూసి చెమట తుడుచుకున్నాడు. షెడ్డు సైకిల్‌ను బోయినపల్లిలో గోడకు గుద్దించి, ఏమీ ఎరగనట్టు తెచ్చి పెట్టింది తనేనని చెప్పేశాడు. ప్రణీత సైకిల్ ఊసే ఎత్తలేదు. అయినా నోటుబుక్కులో శ్రద్ధగా రాసుకుంది. బుచ్చవ్వకు అదే చక్రం కండెలా కనబడింది. మూడు కండెల నూలుతో మనవరాలి జడకు కుచ్చులు కట్టిందట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అందరికీ తెలిసిందే, కానీ ఇక్కడ ఎవరూ గుమ్మడికాయ మాటే ఎత్తలేదు.

మధ్యాహ్నానికి సాంచాల దగ్గర ఒక్కరూ మిగల్లేదు. రోజంతా మోగే వీధిలో చప్పుడు ఆగడమే పెద్ద వార్త. పక్క వీధి నుంచి ఒకామె తప్పిపోయిన కోడి సంగతి అడగడానికి వచ్చి వరుసలో నిలబడింది. గోవర్ధన్ ఇంట్లో ఏదో పోయిందన్న మాట ఇల్లిల్లూ తిరిగి, చందుర్తి చేరేసరికి బంగారం పోయిందని అయింది.

మొండయ్య అందరికన్నా ఆఖరున వచ్చాడు. చాలాసేపు చూశాడు.

"నాకు చక్రమే కనవడుతుంది బిడ్డ. గిదే తప్పయితే నేను పోత."

 సమస్య తీర్చబోయి ఆ పెద్దమనిషిని ఇంకా నొప్పించానే అని ప్రణీతకు కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే గోవర్ధన్ బండి వాకిట్లో ఆగింది.

బంగారమేదని ఆయన, ఏ బంగారమని వాళ్లు కాసేపు ఒకరినొకరు అడుక్కున్నారు. ఇదంతా ఒక బొమ్మ కోసమని తెలిశాక ఆయన పకపకా నవ్వాడు. గోవర్ధన్ తల్లి దేవమ్మ గడపలో కూర్చుని అంతా చూస్తోంది.

"షెడ్డుల ఉన్నోళ్లందరు చూసిండ్రు కొడుకా. నువ్వు చూడకుంటె నలుగురు నిన్నే అనుకుంటరు" అంది.

గోవర్ధన్ నవ్వుతూనే కార్డు అందుకున్నాడు. చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"గీ సంగతి నీకెవలు చెప్పిండ్రు?"

"ఏ సంగతి బాపు?"

"పుల్లీ సంగతి."

ఇక దాచి లాభం లేకపోయింది. పోయిన సెలవు రోజున, షెడ్డులో ఎవరూ లేనప్పుడు, ఫోనులో వీడియో చూసి నాలుగో సాంచా మోటారుకు పెద్ద పుల్లీ, అంటే బెల్టు తిరిగే చక్రం, బిగించింది ఆయనే. సాంచా వేగం పెరుగుతుందని ఆశ. పెరిగింది కూడా. మర్నాటి నుంచే పోగులు తెగుతున్నాయని ఆయనకు తెలుసు, కానీ వీడియోలో తెగలేదు.

మొండయ్య నట్లు విప్పే పాన తీసుకుని పాత పుల్లీ బిగించాడు. గోవర్ధన్ పక్కన నిలబడి నట్లు అందించాడు. సాంచా అరగంట నడిచినా ఒక్క పోగూ తెగలేదు. గోవర్ధన్‌కు క్షమాపణ అడిగే అలవాటు లేదు.

"మొండన్నా, రేపు పొద్దుగాల జెర జల్ది రా" అన్నాడు, వీధి వీధంతా వింటుండగా. మొండయ్య తలవంచుకుని పాన తుడుస్తూనే ఉండిపోయాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

కార్డు పనిచేసిందని ప్రణీత సంబరపడుతూ నోటుబుక్కు తెరిచింది. ఇంతలో నువ్వు అందరి ముందూ చూడలేదని దేవమ్మ గుర్తుచేసింది. దానికేముందని కార్డులోకి చూసిన ప్రణీతకు ఆ చక్రం మెల్లగా హైదరాబాద్ బస్సు చక్రంలా కనబడసాగింది. శిక్షణకు వెళ్లిన ఆ రెండు రోజులూ కోరుట్లలో స్నేహితురాలి ఇంట్లో పరీక్షలకు చదువుకున్నానని ఆమె ఇంట్లో చెప్పి ఉంది. చెప్పక తప్పలేదు.

ఇక మిగిలింది నువ్వేనమ్మా అంటూ గోవర్ధన్ కార్డును తల్లి ముందు పెట్టాడు. అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించే దేవమ్మకు ఆ ఒక్క పూట చూపు ఆనలేదట.