ఎడమ మీసం విక్రమ్‌ది, కుడి మీసం మహీధర్‌ది

జనగామ జిల్లాలో ఏ నియోజకవర్గమో చెప్పడం లేదు. చెబితే గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ కలిసి జగపతి ఇంటి మీదికి వస్తారు. పాపం, ఆయనకు ఇప్పుడున్న కష్టాలు చాలు.

జగపతికి ఎరువుల దుకాణం ఉంది, పదెకరాల పొలం ఉంది, రాజమణి అనే భార్య ఉంది. వీటన్నిటికంటే ముందు మీసం ఉంది. ఊళ్లో నలుగురు జగపతులున్నా 'మీసాల జగపతి' ఒక్కడే. యూరియా దొరకని రోజుల్లో రైతులు ఆ మీసాన్ని చూసి "పంటకు లేదు గాని, దీనికి మాత్రం బాగనే దొరుకుతుంది" అనేవారు. జగపతి దాన్ని కూడా పొగడ్త కిందే తీసుకునేవాడు.

శాసనసభ ఎన్నికలు వచ్చేసరికి ఆయనకు దుకాణం మీద ధ్యాస పోయింది. పొద్దున లేస్తే టీ హోటల్. అక్కడ యుగేందర్, తుల్సీరాం లాంటి పెద్ద తలకాయలతో కూర్చుని ఏ జిల్లాలో ఎవరు గెలుస్తారో తేల్చేవాడు. తేల్చినదాన్ని సాయంత్రానికి మళ్లీ ముంచేవాడు.

ఒకరోజు మరిపెడ నుంచి బామ్మర్ది విక్రమ్ ఫోన్ చేశాడు.

"బావా, మా మానుకోట జిల్లంత పాత పార్టీ గాలే. మీ జనగామల గూడ గదే గెలుస్తది. రాసిపెట్టుకో."

అదే రోజు భూపాలపల్లి నుంచి తోడల్లుడు మహీధర్ ఫోన్ చేశాడు. రాజమణి చెల్లెలు పల్లవి భర్త.

"అన్నా, మా దిక్కు కొత్త పార్టీ తుఫాను. మీ జనగామను గూడ ఊడ్చుకపోతది."

ఆ రాత్రి జగపతికి నిద్ర పట్టలేదు. తెల్లారి స్నానం చేస్తుండగా, సగం సబ్బు మీద, బుర్రలో దీపం వెలిగింది. తువ్వాలు చుట్టుకునే విక్రమ్‌కు ఫోన్ కొట్టాడు.

"మా దగ్గర కొత్త పార్టీ గెలవకపోతే నా ఎడమ మీసం తీసేస్త. గెలిస్తే నువ్వో పొట్టేలు ఇయ్యాలె. సరేనా?"

"మంచిది బావా!" అన్నాడు విక్రమ్.

తర్వాత మహీధర్‌కు కొట్టాడు.

"మా దగ్గర పాత పార్టీ గెలవకపోతే నా కుడి మీసం తీసేస్త. గెలిస్తే ఏడాదంత నాకు మహదేవపూర్ కాడి గోదావరి చాపలు పంపాలె."

"కాయం అన్నా!" అన్నాడు మహీధర్.

వెనక నుంచి రాజమణి గొంతు వినిపించింది. చేతిలో చాయ గ్లాసు ఉంది.

"ఏందయ్యా, ఒకనికి ఎడమది, ఇంకొకనికి కుడిది. మీసమా, మడికట్టా?"

"నీకు రాజకీయం తెల్వదు రాజమణీ. పాత పార్టీ గెలిస్తే చాపలు, కొత్త పార్టీ గెలిస్తే పొట్టేలు. ఎటు తిరిగినా కూర మనదే."

"సగం మీసంతోని బజాట్ల తిరుగుతవా?"

"మిగిలిన సగం నేనే తీసేస్త. కొమురెల్లి మల్లన్నకు మొక్కుకున్న అని చెప్త. నెల తిరిగేవరకు మళ్ల వస్తది."

"కోరమీసాల దేవునికి మీసం మొక్కేటోడు నువ్వొక్కనివే ఉంటవు. సరే గాని, రెండు పార్టీలు గెలవకపోతే?"

జగపతి తువ్వాలు జారిపోయేంత నవ్వాడు.

"మూడోళ్లు ఎవరున్నరే?"

"గట్టమ్మ ఉన్నది గద."

ఆ మాట విన్నాక మళ్లీ నవ్వడానికి జగపతి కాసేపు కుర్చీలో కూర్చోవలసి వచ్చింది.

గట్టమ్మ అంటే అంగన్వాడీలో పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి పెట్టి, ఈ మధ్యనే ఆ పని నుంచి దిగిపోయిన టీచరమ్మ. స్వతంత్ర అభ్యర్థి. గుర్తు కుట్టుమిషన్. ఆమెకు కార్ల వరుస లేదు, మైకు లేదు. ఉన్నదల్లా భర్త కాటమయ్య, ఆయన పాత మోపెడ్. ఆ మోపెడ్ మీద కండువాలు కూడా ఉండవు, బియ్యం సంచులుంటాయి.

ఆ సంచుల సంగతి జగపతి ఒక మధ్యాహ్నం కళ్లారా చూశాడు. అన్నానికి ఇంటికి వస్తే నట్టింటి నిండా ఆడవాళ్లు. మధ్యలో పీట మీద గట్టమ్మ కొంగు చాచి కూర్చుంది.

"అవ్వ లేదు, నాయిన లేడు, తోడవుట్టినోళ్లు లేరు" అంటోంది ఆమె. "నాకు ఒడిబియ్యం పోసే పుట్టినిల్లే లేకుండ అయింది. మిమ్ముల ఓటు అడుగ. ఇష్టమున్నోళ్లు మా ఇంటి ఆడబిడ్డే అనుకొని ఇంత పొయ్యిండ్రి. నా కడుపు నిండుతది."

రాజమణి కళ్లు తుడుచుకుంది. పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఆమె ఒడిలో పోసింది. ఎండుకొబ్బరి కుడుకలు పెట్టింది, రవిక గుడ్డ పెట్టింది, బొట్టు పెట్టింది. ఆ తర్వాత వాడకట్టులోని ఆడవాళ్లంతా వరుసగా పోశారు.

గట్టమ్మ వెళ్లాక జగపతి బియ్యం డబ్బాలోకి తొంగి చూశాడు.

"మంచి సన్నబియ్యం పోసినవ్ గదనే! దొడ్డువి లేవా?"

"ఆడబిడ్డకు దొడ్డువి పోస్తరా? మీ అక్కకు పోసేటప్పుడు గిట్లనే అంటివా?"

"మా అక్క ఎలచ్చన్ల నిలవడలే. గిట్ల బియ్యం ఏరుకుంట తిరిగితే ఓట్లు పడ్తయా? మస్తుగ తింటది, అంతే."

రాజమణి ఏమీ అనలేదు. పెళ్లయి ఇన్నేళ్లయినా జగపతి నేర్చుకోని పాఠం ఒకటుంది. రాజమణి మాట్లాడినప్పుడు భయపడక్కర్లేదు, మాట్లాడనప్పుడే భయపడాలి.

హోటల్లో మాత్రం లెక్కలు జోరుగా సాగాయి. ఎవరి భుజం మీద ఏ కండువా ఉందో, ఎవరు ఏ కారు ఎక్కారో, అన్నీ లెక్కే. పోలింగ్ రోజు ఆడవాళ్ల వరుస బడి గేటు దాటి రోడ్డు మీదికి వస్తే, "చూసిండ్రా, మా గాలి!" అని రెండు పార్టీల వాళ్లూ ఒకేసారి మీసం తిప్పారు. వాళ్లతో పాటు జగపతి రెండు వైపులా తిప్పాడు.

ఓట్ల లెక్కింపు రోజు పొద్దున, రాజమణి మామూలుగా చెప్పినట్టు చెప్పింది.

"ఇయ్యాల విక్రమ్‌ను, మహీధర్‌ను బువ్వకు పిలిచిన. పొట్టేలును గూడ తోల్కరమ్మన్న."

జగపతి చాయ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇద్దర్నీనా? ఒక్కసారేనా?"

"తమ్ముడు రాక, మరిది రాక, దావత్ ఎట్లయితది?"

వాళ్లిద్దరూ ఎదురుపడి పందెం మాట ఎత్తితే? రెండు వైపులా తినే మనిషని మరిపెడ నుంచి మహదేవపూర్ దాకా పాకిపోతుంది. మీసం పోతే మళ్లీ వస్తుంది, అత్తగారి వైపు పరువు పోతే యూరియా చల్లినా మొలవదు.

విక్రమ్ ముందు వచ్చాడు. పొట్టేలును పెరట్లో కట్టేసి, కింది గదిలో టీవీ ముందు కూర్చున్నాడు. కాసేపటికి మహీధర్ వస్తే, జగపతి వాకిట్లోనే పట్టుకుని పక్క మెట్ల మీదుగా పైగదికి ఎక్కించాడు.

"కింద విక్రమ్‌కు కండ్లకలక. చూస్తే చాలు అంటుకుంటది. నువ్వు పైన్నే ఉండు."

కిందికి దిగి విక్రమ్ చెవిలో చెప్పాడు.

"పైన మహీధర్‌కు కండ్లకలక. మెట్ల దిక్కు చూడకు."

ఇక్కడి నుంచి జగపతి పాట్లు చెప్పనలవి కాదు. మొదటి రౌండులో పాత పార్టీ ముందుంది. మహీధర్ దగ్గర తను పాత పార్టీ మనిషి కాబట్టి జగపతి పైకి పరుగెత్తి ఈల వేశాడు. రెండో రౌండులో కొత్త పార్టీ ముందుకు వచ్చింది. విక్రమ్ దగ్గర తను కొత్త పార్టీ మనిషి కాబట్టి కిందికి పరుగెత్తి చప్పట్లు కొట్టాడు. మళ్లీ పాత. మళ్లీ పైకి. డిసెంబరు చలిలో బనీను తడిసిపోయింది. ఏ అంతస్తులో ఏ పార్టీయో మరిచిపోయి, విక్రమ్ ముందే "పాత పార్టీ జిందాబాద్!" అని అరిచేశాడు.

"బావా, నీది కొత్త పార్టీ గదా?" అన్నాడు విక్రమ్.

"నువ్వు బామ్మర్దివి. నీ సంతోషం నా సంతోషం కాదా?" అని జగపతి మళ్లీ మెట్లెక్కాడు.

ఈ మెట్ల పందెం రాజమణి వంటింట్లోంచి చూస్తూనే ఉంది. కండ్లకలక సంగతి తెలుసుకుని ఇద్దరికీ చెరో నల్లద్దాల జత పంపింది. తాపీగా చాయ కూడా పంపింది. కాసేపాగి గట్టిగా కేకేసింది.

"విక్రమ్! మహీధర్! బువ్వకు రాండ్రి!"

మహీధర్ నల్లద్దాలతో పైనుంచి దిగాడు. విక్రమ్ నల్లద్దాలతో గదిలోంచి వచ్చాడు. ఒకరినొకరు చూసి ఇద్దరూ చెరో గోడకు అతుక్కున్నారు.

"దగ్గరికి రాకు బావా, నీకు కలక!" అన్నాడు విక్రమ్.

"నాకేడిది? నీకే గద!" అన్నాడు మహీధర్.

"ఎవరు చెప్పిండ్రు?"

ఇద్దరూ అద్దాలు తీశారు. నాలుగు కళ్లూ తెల్లగా, శుభ్రంగా జగపతి మీద పడ్డాయి. ఎడమ మీసం సంగతి విక్రమ్ చెప్పాడు, కుడి మీసం సంగతి మహీధర్ చెప్పాడు. రెండూ అతికించి చూస్తే నిండు జగపతి బయటపడ్డాడు.

"అన్నా, గింత మోసమా?" అని మహీధర్ అంటుండగానే టీవీ గొంతు చించుకుంది. కుట్టుమిషన్ గుర్తు స్వతంత్ర అభ్యర్థి గట్టమ్మ ముందంజలోకి వచ్చిందని చెప్పింది.

ముగ్గురూ పందెం మరిచి టీవీ ముందు కూలబడ్డారు. ఆ తర్వాత ప్రతి రౌండుకూ గట్టమ్మ ఇంకా ముందుకే పోయింది. రెండు పార్టీలూ ఇంకా వెనక్కే పోయాయి. చివరికి వీధిలో పటాకులు పేలాయి, డప్పు మోగింది.

"ఎట్ల గెలిచిందే?" అన్నాడు జగపతి. గొంతులో మీసాల దర్జా లేదు.

"ఎట్లేంది? ఒడిబియ్యం పోసినంక ఇంటి ఆడబిడ్డ. ఆడబిడ్డను ఓడగొడ్తరా ఎవలన్న? మా మహిళా సంఘం వాళ్లం ఊరూరు ఆమె వెంట తిరిగినం. మీరు హోటల్ల కండువాలు చూస్తుంటిరి."

జగపతి చివరి పాయింటు తీశాడు.

"అయితే మీ ఇద్దరి పార్టీలు గూడ గెలవలే. పందెం రద్దు!"

"ఎట్ల రద్దు?" అంది రాజమణి. "కొత్త పార్టీ గెలవకపోతే ఎడమది తీస్త అంటివి. గెలవలే. పాత పార్టీ గెలవకపోతే కుడిది తీస్త అంటివి. గెలవలే. నీ మాట మీద నువ్వు నిలవడు."

"మరి పొట్టేలు? చాపలు?"

"ముగ్గురు ఓడిండ్రు. గెలిచింది మేము. పొట్టేలు మా సంఘం దావత్‌కు. చాపలు నెలకోసారి పల్లవి పంపుతదట, మాట్లాడిన."

విక్రమ్, మహీధర్ ముఖాలు చూసుకుని పకపకా నవ్వారు. పొట్టేలు పోయినందుకు విక్రమ్‌కు బాధ లేదు, బావ మీసం పోతున్నందుకు ఆనందం పట్టరానంతగా ఉంది. ఇద్దరూ జగపతిని చెరో రెక్క పట్టుకుని లక్ష్మణ్ మంగలిషాపుకు నడిపించారు.

అక్కడ గుమ్మం దాకా జనం. ముందు వరుసలో యుగేందర్, మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. పక్కన తుల్సీరాం గోడ మీది సినిమా పోస్టరును దీక్షగా చదువుతున్నాడు. హోటల్ మేధావులంతా అక్కడే ఉన్నారు.

"ఏం తుల్సీరామన్నా, నువ్వు గూడనా?" అన్నాడు జగపతి.

"ఎండలకు ఉక్కపోస్తుంది, తీద్దామని" అన్నాడు తుల్సీరాం, స్వెటరు సర్దుకుంటూ.

ఇంతమంది తర్వాత తన వంతు వచ్చేసరికి పొద్దు గూకుతుంది, చీకట్లో ఎవరూ చూడరు అని జగపతికి కొంచెం ధైర్యం వచ్చింది. అంతలో లక్ష్మణ్ లోపలి నుంచి పిలిచాడు.

"జగపతన్నా, రా రా! మొదలు నీదే."

"నేను ఇప్పుడే గద వచ్చింది!"

"వదిన పొద్దుగాల, నేను షటర్ లేపకముందే వచ్చి చెప్పిపోయింది. 'మా ఆయన వచ్చేసరికి గుంపుంటది, జర ముందుగాల కానియ్యి, ఇంట్ల దావత్ పని ఉన్నది' అన్నది."

ఒక్క ఓటు కూడా లెక్కపెట్టకముందే తన మీసం లెక్క తేలిపోయిందని జగపతికి అప్పుడర్థమైంది. వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. లక్ష్మణ్ మెడకు గుడ్డ కట్టి, కత్తికి కొత్త బ్లేడు వేసి, మర్యాదగా అడిగాడు.

"ఎటు నుంచి మొదలువెట్టాలె అన్నా? ఎడమా, కుడా?"

"గది గూడ ఆమెనే అడుగు" అన్నాడు జగపతి.