మొలకలకు ముక్కు కావలెను

“మొలకలకి కంటికి కనిపించకుండా బూజు పడితేనో?” అంది గాభరా పిన్ని, ఇంకా పొయ్యి అయినా వెలిగించకముందే.

“బాగానే ఉంది” అన్నారు ఆవిడ భర్త పేపరు చాటు నుంచి. ఏది బాగానే ఉందో ఆయనకే తెలియదు. పెళ్ళయిన నాటి నుంచీ కూర ఎలా ఉందన్నా, ఒంట్లో ఎలా ఉందన్నా ఆయనది ఆ ఒక్కటే మాట.

గాభరా పిన్ని అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. వాళ్ళుండే అపార్టుమెంటు మేడలోని పిల్లలు పెట్టింది. లిఫ్టు ఎక్కితే తీగ తెగుతుందేమో, మెట్లు ఎక్కితే కాలు జారుతుందేమో, పోనీ ఇంట్లోనే కూర్చుంటే పైకప్పు సంగతేమిటి? ఆవిడ ఆలోచనలు ఇలా సాగేవి. పేరు పెట్టిన పిల్లలు పెద్దవాళ్ళై ఉద్యోగాల్లో చేరారు గానీ, పిన్ని గాభరా మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు.

ఇప్పుడు ఆ గాభరా అంతా పక్కగదిలో ఉన్న పంజరం చుట్టూ తిరుగుతోంది. అందులో కూతురు పెంచుకుంటున్న ఫించ్ పిట్టల జంట, గూట్లో వాటి పిల్లలు. పిల్లలంటే పిల్లలు కూడా కావు, నోళ్ళు. ఒళ్ళంతా కలిపినా ఆ తెరిచిన నోరంత ఉండవు.

కూతురు కడుపుతో ఉంది. ఆఫీసు పని మీద ఊరెళుతూ పంజరం తెచ్చి తల్లికి అప్పగించింది. ఊరికే అప్పగించలేదు. రేపు పురుడయ్యి, సెలవులు అయిపోయాక బిడ్డను ఎవరు చూడాలన్న మాట ఇంట్లో నలుగుతోంది. పిన్నేమో నేనున్నాను కదా అంటుంది. కూతురేమో క్రెష్‌లో వేస్తానంటుంది. “నీ దగ్గర ఉంచితే బిడ్డకి నడక కంటే ముందు నీ గాభరా వస్తుందమ్మా” అని మొహమ్మీదే అనేసింది. “ముందు ఈ పిట్టల్ని ఏ గొడవా లేకుండా చూసుకో. తర్వాత మాట్లాడదాం.”

ఆ మాట పిన్ని గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. అందుకే కూతురు చెప్పినవన్నీ మంత్రంలా వల్లె వేసుకుంది. పిల్లలున్న పిట్టలకి ఎండు గింజలు చాలవు, మొలకలు పెట్టాలి. పిట్టల మేత అమ్మే కొట్లోనే గింజలు కొనాలి. తోటల కోసం అమ్మేవాటికి మందు పట్టించి ఉంటుంది కనుక వాటి జోలికి పోకూడదు. రాత్రి నానబెట్టి, పొద్దున్నే కడిగి, నీళ్ళు పూర్తిగా వార్చి, మళ్ళీ మళ్ళీ కడుగుతూ ఉండాలి. తెల్లటి మొన తొంగిచూడగానే పెట్టెయ్యాలి. “పెట్టేముందు మాత్రం తప్పకుండా వాసన చూడమ్మా. పచ్చివాసన వస్తే మంచివి. పులిసిన వాసన వస్తే పారెయ్. అవి తింటే ఆ పిల్లలు బతకవు.”

అంతా చెప్పినట్టే జరిగింది. గాజు సీసాలో గింజలన్నీ ముద్దుగా మొనలు తేలాయి. పిన్ని మూత మీది గుడ్డ తీసి, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఏమీ రాలేదు. గాలి కూడా రాలేదు. రాత్రి పట్టిన జలుబుకి రెండు ముక్కులూ బిగుసుకుపోయాయి.

పక్కగదిలో నోళ్ళన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి.

“ఏమండీ, కాస్త ఇది వాసన చూసి...”

“బాగానే ఉంది” అన్నారు ఆయన, సీసా గుమ్మం దాటకుండానే.

ఇక లాభం లేదని, సీసాకి తువ్వాలు చుట్టి పిన్ని గడప దాటింది. ఎదురింటి టీచరమ్మ చెప్పులు వేసుకుంటోంది.

“అమ్మాయ్, ఒక్కసారి వాసన చూసి చెప్పవే.”

టీచరమ్మ తువ్వాల్లోకి వంగింది. “ఏ వాసనా లేదు పిన్నీ.”

“లేదంటే మంచిది లేదా, చెడ్డది లేదా?”

“అసలేదీ లేదు.”

“అయితే నీకూ జలుబే. జాగ్రత్తమ్మా, ఛాతీలోకి దిగుతుంది.”

పై అంతస్తు దర్జీ ముక్కుకి మిషను నూనె తప్ప ఇంకేదీ ఆనలేదు. కింది ఇంటి రిటైర్డు గుమాస్తా మర్యాదస్తుడు. ఆడమనిషి అంత ఆశగా అడుగుతుంటే లేదనలేక “ఏదో కొంచెం ఉన్నట్టే ఉందమ్మా” అన్నాడు. పిన్ని సీసా వెనక్కి లాక్కుంది. ఒక్క ముక్కును నమ్మి ఇన్ని ప్రాణాలు గాల్లో పెట్టలేక, మిగిలిన తలుపులన్నీ తట్టింది. తెరవనివాళ్ళను తలుపు సందులోంచే అడిగింది: “మీకేమన్నా వాసన వస్తోందా?”

టీచరమ్మ బస్సుకి పోతూ గేటు దగ్గర మేడ సెక్రటరీతో ఒక మాట వేసింది. “పిన్ని వాసన, వాసన అంటూ ఇల్లిల్లూ తిరుగుతోంది. ఏంటో కనుక్కోండి.”

పిన్నినే కనుక్కుంటే సరిపోయేది. కానీ ఆవిణ్ణి ఒక్క ప్రశ్న అడిగితే పూట గడిచిపోతుందని సెక్రటరీకి అనుభవం. పైగా ఇళ్ళలోకి కొత్తగా గ్యాసు గొట్టాలు వేయించింది ఆయనే. అందుకని తెలివిగా అందరి ఫోన్లకీ కబురు పెట్టాడు: “ఎవరికైనా ఏదైనా వాసన వస్తే వెంటనే తెలుపగలరు.”

అడగడమే ఆలస్యం, అందరికీ వచ్చింది. ఒకరికి రబ్బరు కాలిన వాసన. ఒకరికి కుళ్ళిన గుడ్డు వాసన. ఊళ్ళోనే లేని ఒకాయన తనకి నిన్ననే వచ్చిందన్నాడు. గుమాస్తా తనకి తలనొప్పి కూడా ఉందని చేర్చాడు. కాసేపటికల్లా జనం మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ దిగారు. గంట కొట్టుకుంటూ ఫైరింజను వచ్చి గేటు ముందు ఆగింది.

పిన్ని మాత్రం వంటింట్లో కొళాయి కింద మొలకలు కడుగుతోంది. టోపీ పెట్టుకున్న ఫైరాఫీసరు లోపలికి వచ్చాడు.

“అమ్మా, గ్యాసు లీకంట. వెంటనే కిందికి దిగండి.”

“ఉండు నాయనా. ఇప్పుడు కడక్కపోతే జిగురెక్కుతాయి.”

జన్మలో మొదటిసారి ఒకరు ప్రమాదం అంటుంటే పిన్ని చెవిన పెట్టలేదు. ఆఫీసరు చేతిలో యంత్రాన్ని పొయ్యి చుట్టూ తిప్పాడు. అది కిక్కురుమనలేదు.

“నీ ముక్కు బాగా పనిచేస్తుందా నాయనా?”

“మా కొలువే దానితో అమ్మా.”

“అయితే ఇది చూడు.”

అతను మాస్కు దించి, సీసాలోకి వంగి నిదానంగా పీల్చాడు. “పచ్చివాసన. అప్పుడే కోసిన గడ్డిలా ఉంది. పొద్దున్నుంచీ తిరిగిన ఇళ్ళలో ఇంత శుభ్రమైన వాసన ఇదొక్కటే.” తర్వాత ఏదో తట్టినవాడిలా తలెత్తాడు. “ఇంతకీ ఈ మేడలో వాసన సంగతి మొదట ఎత్తింది ఎవరమ్మా?”

“ఏమో నాయనా. పొద్దున్నుంచీ నేనూ అందర్నీ అదే అడుగుతున్నా. ఒక్కరూ సరిగ్గా చెప్పి చావలేదు.”

ఆఫీసరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

పిన్ని కిందికి దిగేసరికి సంగతి ముందే దిగింది. మేడ మేడంతా ఆవిడ చేతిలోని సీసా వంకే చూస్తోంది. గేటు పక్క బెంచీ మీద ఆయన, చంకలో పేపరు, ఒళ్ళో పంజరం.

“నన్ను పైన వదిలేసి దీన్ని తెచ్చుకున్నారా?”

“నిన్ను పిలిచినా రావు. ఇవి రావాలనుకున్నా రాలేవు” అన్నారాయన. ఆ ఏడాదికి ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే.

పిన్ని చిన్న గిన్నెలో మొలకలు పెట్టి పంజరంలో ఉంచింది. సరిగ్గా అప్పుడే కూతురు వీడియోలో వచ్చింది.

“అమ్మా, పిట్టలెలా ఉన్నాయి? వెనకాల ఆ ఎర్రబండేంటి?”

పిన్నికి అబద్ధం ఆడటమంటే ఇంకా భయం. జలుబు దగ్గర మొదలుపెట్టి ఫైరింజను దాకా మొత్తం వెళ్ళగక్కేసింది. సెక్రటరీ మొహం గోడకి తిప్పుకున్నాడు. ఫైరాఫీసరు నవ్వు దాచుకోవడానికి టోపీ సర్దుకున్నాడు.

“నువ్వేం గొడవ వద్దన్నావో అదే అయింది. నాకు తెలుసులే. ఇక నీ బిడ్డని నా దగ్గర ఉంచవు కదూ?”

పిన్ని ఫోను పంజరం వైపు తిప్పింది. పంజరంలో తల్లిపిట్ట గిన్నె అంచు మీదికి దూకింది. ఒక మొలకను ముక్కుతో పట్టి నలిపింది, ఇంకొకటి అందుకుంది, గొంతు నింపుకుని గూట్లోకి పోయింది. నోళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కూతురు ఇంకా తెరలోంచి అదే చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపంటే, ఫోను ఆగిపోయిందనుకుని పిన్ని దాన్ని రెండుసార్లు తట్టింది.

“పిట్టల తిండి కోసం మేడంతా ఖాళీ చేయించినదానివి” అంది కూతురు చివరికి. “నీ దగ్గరే ఉంచుతానమ్మా. కాకపోతే ఆ ఫైర్ స్టేషన్ వాళ్ళకి నా డెలివరీ తేదీ ఇప్పుడే చెప్పి ఉంచు.”