పైకెళ్లే బంతి, కిందికొచ్చే బంతి

నిప్పు, చక్రం తర్వాత మానవజాతి సాధించిన మూడో ఘనత క్రీడా నైపుణ్య మెరుగుదల కేంద్రం. బాస్కెట్‌బాల్‌లో పైకి వెళ్లే బంతి షూటింగ్ విభాగానిదనీ, రింగుకు తగిలి కిందికి వచ్చే బంతి రీబౌండ్ విభాగానిదనీ కనిపెట్టింది ఈ కేంద్రమే. (అంతవరకు జనం రెండూ ఒకే బంతి అనుకుంటూ అజ్ఞానంలో బతికారు.)

అలాంటి చోట ఒక పొడుగమ్మాయి చేరింది. జట్టు ఎంపికకు ఇంకా నలభై రోజులుంది. నిరుడు ఆమె షాట్లు బాగానే వేసింది కానీ, గురి తప్పి వెనక్కొచ్చిన బంతుల్లో ఒక్కటీ అందుకోలేక బెంచీకి అంటుకుపోయింది. వయసు లెక్కన ఆమెకిదే ఆఖరి అవకాశం. అది తలచుకుంటే ఆమెకు ముద్ద దిగడం లేదు.

మొదటిరోజు ఆమె వేసిన బంతి రింగుకు తగిలి వెనక్కొచ్చింది. ఎగిరి పట్టుకుంది. వెంటనే కోర్టు పక్కన బల్ల వెనక నుంచి గుమాస్తా లేచాడు.

"ఆగమ్మా! ఎవర్ని అడిగి పట్టుకున్నావు?"

"నేను వేసిందే కదా సార్!"

"వేసింది నువ్వే, కాదన్నానా? వేసేదానికి చీటీ ఉంది. పట్టేదానికేదీ?"

నియమం చాలా సులువు. పట్టిన బంతిని రెండు చేతులతో గుండెలకు హత్తుకుని, కదలకుండా నిలబడాలి. గుమాస్తా రిజిస్టరులో వేళ రాసి, చీటీ మీద సంతకం పెట్టాకే మళ్లీ వేయాలి. (సంతకానికి క్షణం పట్టదు. పెన్ను దొరకడానికే పూట పడుతుంది.)

కోచ్ మంచివాడు. "మోకాళ్లు వంచు. మోచెయ్యి పక్కకి పోనీకు. వీపుతో ఎదుటి జట్టువాళ్లని అడ్డుకుని అప్పుడు ఎగురు" అని చెప్పేవాడు. అదీ గొంతు తగ్గించి. సలహాల విభాగం మేడ మీదుంది మరి.

"ఏమే, ఇవాళ ఎన్ని పట్టావు?" అని అమ్మ అడిగేది.

"రెండు."

"పొద్దుట్నుంచీ రెండేనా?"

"రెండోదానికి సంతకం రేపు పెడతారట."

అయినా ఆమె పట్టు వదల్లేదు. నలభై రోజులయ్యేసరికి ఆమె చేతిలో పడ్డ బంతి జారిందే లేదు. పట్టడం, హత్తుకోవడం, రాయిలా నిలబడటం. "ఇంత క్రమశిక్షణ ఉన్న పిల్లని నా సర్వీసులో చూళ్లేదు" అని గుమాస్తా మురిసిపోయాడు. ఎంపిక పోటీ చూడటానికి సెలవు పెట్టి మరీ వచ్చాడు.

పోటీలో ఆఖరి క్షణాలు. ఆమె జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. తోటి పిల్ల వేసిన షాట్ తప్పింది. పొడుగమ్మాయి ఐదు తలల మీదుగా ఎగిరి బంతి అందుకుని, సరిగ్గా రింగు కిందే దిగింది. అడ్డు ఎవరూ లేరు.

"వెయ్యవే తల్లీ!" అని కోచ్ గొంతు చించుకున్నాడు.

ఆమె బంతిని గుండెలకు హత్తుకుని, కదలకుండా నిలబడి, జనంలో గుమాస్తా వైపు చూసింది. ఆయన కంగారుగా జేబులు తడుముకుంటున్నాడు.

ఈల మోగింది. ఎంపికైనవారి పేర్లు చదివారు. ఆమె పేరు లేదు. కోర్టు మధ్యలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. బంతిని మాత్రం వదల్లేదు.

అందరూ వెళ్లిపోయాక గుమాస్తా మెల్లగా దగ్గరికొచ్చి, ఆమె చేతిలో చీటీ పెట్టాడు.

"ఇదిగోనమ్మా, సంతకం అయింది. ఇక వేసుకో."