మాస్టారి గుడ్డసంచి

ఆ సోమవారం సూర్యనారాయణమూర్తి మాస్టారి కార్యక్రమం చాలా చిన్నది. పదింటికి మునిసిపల్ హాల్లో ప్లాస్టిక్ సంచుల నిషేధం మీద పది నిమిషాలు మాట్లాడాలి. బంగ్లాదేశ్ పెట్టిన నిషేధం, ఐర్లాండ్ వేసిన పన్ను అన్నీ కాగితం మీద రాసుకున్నారు. చేతిలో గుడ్డసంచి ఒకటుంటే మాటకి బలం వస్తుందనుకున్నారు.

"ఇదిగోండి, వెనకవీధి లోవలక్ష్మిగారి సంచి," అంది భార్య కనకవల్లి. "మొన్న ఇందులో ములక్కాడలు పంపారు. ఖాళీగా తిరిగివ్వకూడదని రెండు సీసాల ఆవకాయ పెట్టాను. మీటింగయ్యాక వాళ్లింట్లో ఇచ్చేయండి."

కళ్లజోడు జేబులో ఉంది. మాస్టారు సంచిని సైకిలుకి తగిలించుకుని వెళ్లిపోయారు.

వేదికెక్కి, కాగితం చూసుకోవడానికి కళ్లజోడు పెట్టుకున్నాకే ఒళ్లోని సంచి మీద ఎర్రటి అక్షరాలు కనిపించాయి. 'శ్రీ గౌతమీ బ్రాందీ షాపు, యానాం.' లోవలక్ష్మి మొగుడు పల్లంరాజు నెలకోసారి యానాం ఎందుకెళ్తాడో ఊరంతటికీ తెలుసు. మాస్టారు కాఫీ తప్ప ఎరగరు. ముప్పయ్యేళ్లుగా పిల్లలకి నీతిపద్యాలు చెబుతున్న మనిషి, రేపు క్లాసులోకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? ఆయనకి ముచ్చెమటలు పోశాయి.

అక్షరాలు కనబడకుండా సంచిని పొట్టకి హత్తుకున్నారు. సీసాలు ఖంగుమన్నాయి. పక్క కుర్చీలోని హెడ్మాస్టరు వీరబ్రహ్మం తిరిగి చూశాడు.

"ఏంటండీ అవి?"

"ఆవకాయండి."

"మీటింగుకి ఆవకాయా?"

"నాది కాదండి. పల్లంరాజు గారిది."

ఆ పేరు వినగానే వీరబ్రహ్మం కుర్చీ కాస్త అవతలికి జరుపుకున్నాడు.

పొట్ట పట్టుకుని చెమటలు కక్కుతున్న మాస్టారిని చూసి, ముందు వరసలోని కౌన్సిలరు అప్పాయమ్మ కంగారుపడింది. "అయ్యో, మాస్టారికి కడుపునొప్పండీ! ఎవరైనా సోడా తెండి!"

క్షణాల్లో సోడా వచ్చింది.

"సోడా కూడా తెప్పించారా!" అన్నాడు వీరబ్రహ్మం నీరసంగా.

ఇంతలో కమిషనరు మైకు అందుకున్నారు. "చెప్పడం కాదు, చేసి చూపించాలి. చూడండి, మన మాస్టారు గుడ్డసంచితోనే వచ్చారు!" అంటూ సంచిని లాక్కుని పైకెత్తారు. హాలంతా చదివింది. మాస్టారు కళ్లు మూసుకున్నారు.

కమిషనరు కూడా చదివి, ఒక్క క్షణం తడబడ్డారు. "అక్షరాలు వదిలేయండి, గుడ్డ చూడండి! బ్రాందీ షాపువాళ్లే మారితే మనకేమైంది?"

వెనక వరసల్లోని మగవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అప్పాయమ్మ సీసా మూత తీసి వాసన చూసి, "ఆవకాయేనండీ!" అని ప్రకటించింది. మాస్టారికి ప్రాణం లేచి వచ్చింది. తన పది నిమిషాలూ మాట్లాడి, సంచి లోవలక్ష్మి ఇంట్లో ఇచ్చేసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు.

ఆ ఆదివారం యానాం బస్సులో నిలబడడానికి కూడా చోటు లేదు. ఎక్కడికని అడిగిన ఇల్లాళ్లందరికీ మగవాళ్లు ఒకటే జవాబు చెప్పారు: "మాస్టారు గుడ్డసంచి వాడమన్నారు."